చల్లారాకే ఓకే

నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. తప్పు లేకుండా రాయగలిగిన ఇంగ్లీషు మాటలు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒక్క మాట రాసి ఏళ్ల తరబడి అన్నం తిన్నాను, సూరత్ నవాగామ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను, ఒకసారి అదే మాటతో ఒక మంచివాడి కడుపు కొట్టబోయాను. ఆ మాట ఓకే.

నా పేరు నర్సయ్య. సిరిసిల్ల వైపు మగ్గాల ఇంట్లో పుట్టాను. సూరత్‌కు వచ్చి పాండేసరలో ఒక డైయింగ్ మిల్లులో గుడ్డ మోసే పనిలో చేరి, అదే మిల్లులో డైయింగ్ మాస్టర్‌గా రిటైర్ అయ్యాను. మగ్గం నుంచి రంగు లేకుండా వచ్చిన గుడ్డకు వ్యాపారి అడిగిన రంగు ఎక్కించి పంపడం మా పని. ఆ వ్యాపారిని మేము పార్టీ అంటాం. ఇప్పుడు మా వాళ్ల పిల్లలు డిప్లొమాలు చదివి ఇవే మిల్లుల్లో ల్యాబుల్లో చేరుతున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. అది చదివితే మీకు నిద్ర వస్తుంది.

ఈ మాట ఎక్కడిది

నా నౌకరి చివరి ఏళ్లలో మా ల్యాబ్‌లో స్వప్న అనే అమ్మాయి చేరింది. తండ్రి మన తెలుగువాడే, డిండోలిలో మరమగ్గాలు నడుపుతాడు. పిల్ల సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఒక వాక్యంలో మూడు భాషలు తిప్పేస్తుంది. ఒక రోజు నేను రిజిస్టర్‌లో రాస్తుంటే పక్కన నిలబడి అడిగింది.

“మాస్టర్‌జీ, రోజూ ఓకే ఓకే అని రాస్తరు గదా, దాని ఫుల్ ఫామ్ మాలూమేనా మీకు?”

“నాకెందుకు బిడ్డా. రంగు మాలూమైతే చాలు.”

ఊరుకోలేదు. ఫోన్ తీసి చదివి వినిపించింది. చాలా కాలం కిందట అమెరికాలో కొందరు పత్రికలవాళ్లు సరదాకి మాటలను కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలతో పొట్టి మాటలు చేసేవాళ్లట. ‘అంతా సరిగ్గా ఉంది’ అనే ‘ఆల్ కరెక్ట్’ను అలా ‘ఓల్ కొరెక్ట్’ అని తప్పుగా రాస్తే వచ్చిన రెండక్షరాలే ఓకే అట. తర్వాత ఒక ఎన్నికలో నిలబడ్డ నాయకుడి ముద్దుపేరుకు అవే అక్షరాలు కలిసొచ్చి ఊరూరా పాకిందట. ఆ తర్వాత తంతి ఆఫీసులవాళ్లు, రైల్వేవాళ్లు ‘నీ కబురు అందింది, సరిగ్గానే ఉంది’ అని చెప్పడానికి దాన్ని పట్టుకున్నారట. ఇంకా వేరే కథలు కూడా ఉన్నాయి గానీ, తెలిసినవాళ్లు ఎక్కువమంది ఈ పత్రికల కథనే నమ్ముతారని చెప్పింది.

“గంతేనా? తమాషాకు పుట్టిందా?” అన్నాను.

“హా మాస్టర్‌జీ. టైంపాస్.”

నాకు నిజంగా కష్టమనిపించింది. అన్నేళ్లు భయపడుతూ రాసిన మాట ఎవరో పనిలేక పుట్టించారంటే ఎవరికి బాగుంటుంది? ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్తే, “పుట్టుక ఎట్లయితే ఏంది, పెరుగుడు మంచిగ పెరిగింది గదా” అంది. ఆమె మాట నాకు నచ్చింది.

నిజానికి సూరత్‌లో ఈ మాట పెరిగిన తీరు చూస్తే నవ్వొస్తుంది. ఆటోవాడు ఓకే అంటే దిగమని. పార్టీ ఫోన్‌లో “ఓకే హై నా?” అంటే సరుకు ఇంకా పంపలేదేమని. మేనేజర్ రెండుసార్లు ఓకే ఓకే అంటే ఇక బయటికి నడవమని. లారీ వెనక హార్న్‌కూ ప్లీజ్‌కూ మధ్యన ఎందుకుందో ఆ లారీ డ్రైవర్‌కు కూడా తెలియదు. మా ఆవిడ ఓకే అంటే మాత్రం నేను చెప్పులేసుకుని కాసేపు వీధిలో తిరిగి రావడం మంచిది.

రంగుల ఖాతాలో, అంటే మిల్లులో రంగు వేసే మా విభాగంలో, మాత్రం దానికి ఒకటే అర్థం. దాన్ని నాకు నేర్పినవాడు జయంతి కాకా.

ఉత్తరం తలుపు, సగం చాయ్

జయంతి కాకా మా మిల్లుకు పెద్ద మాస్టర్. గుజరాతీ మనిషి, బక్కగా ఉండేవాడు, కోపం మాత్రం బాయిలర్ పక్కన పెట్టి పెంచినట్టు ఉండేది. నేను గుడ్డ మోసేవాణ్ని. మోస్తూనే, విడివిడిగా రంగు వేసిన రెండు లాట్ల మధ్య రంగు తేడా చెప్పేస్తున్నానని గమనించి నన్ను ల్యాబ్‌లోకి లాక్కున్నాడు. మా ఇంట్లో నూలుకు రంగు వేసే పని తాతల నాటి నుంచి ఉంది, ఆ కన్ను అక్కడిది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మిల్లులో డిగ్రీలున్నవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, ఆ కన్ను నాకుండేది.

గుడ్డకు రంగు పట్టించేది జెట్ అనే మూతపెట్టిన పెద్ద యంత్రం. లోపల మరిగే రంగు నీళ్లలో గుడ్డ తాడులా తిరుగుతూ ఉంటుంది. ఆపరేటర్ వేడి దించి, మూత తెరిచి, గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి ఇస్తాడు. దాన్ని కడిగి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, పార్టీ ఇచ్చిన నమూనా పక్కన పెట్టి చూడాలి. కలిస్తే ఆ ముక్కను రిజిస్టర్‌లో నమూనా పక్కన పిన్ను కొట్టి ఓకే అని రాసి సంతకం పెట్టాలి. ఓకే పడగానే రంగు నీళ్లు వదిలేసి గుడ్డను కడిగేస్తారు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా ఆ లాట్‌ను కొత్తగా మొదలుపెట్టలేడు.

కాకాకు రెండు పట్టింపులుండేవి. ముక్కను ఎండ నేరుగా పడని ఉత్తరం వైపు తలుపు దగ్గరే చూడాలి. ట్యూబ్‌లైటు కింద చూస్తే చెయ్యి మీద స్కేలుతో కొట్టేవాడు. రెండోది చాయ్. ఇస్త్రీ చేసిన ముక్కను నేల మీద బండపై పడేసి, సగం గ్లాసు చాయ్ తెప్పించుకుని, అది తాగడం అయిపోయేదాకా ముక్క వైపు చూడకూడదు. నేను చాలాకాలం అది ముసలాయన చాయ్ పిచ్చి అనుకున్నాను. ఒక రోజు అడిగేశాను.

“అరే నర్సయ్యా, గుడ్డ వేడి మీద అబద్ధం చెప్తుంది. పాలిస్టర్ అయితే మరీ. చల్లారనీ. చాయ్ నీ కోసం కాదు, నీ తొందర కోసం” అన్నాడు హిందీలో. తర్వాత ఒక ముక్కను ఇస్త్రీ కింద నుంచి తీసి చూపించాడు, గ్లాసు ఖాళీ అయ్యాక మళ్లీ చూపించాడు. ఒకే ముక్క అని తెలియకపోతే, రెండూ వేర్వేరు రంగులని ఒట్టేసేవాణ్ని.

“ఓకే అని రాస్తే ఏమిటో తెలుసా? ఇక ఈ గుడ్డకు ఏమైనా అయితే నన్ను అడగండి అని. దమ్ముంటేనే రాయి” అన్నాడు.

ల్యాబ్‌లో అయిదేళ్లు బీకర్లు కడిగి, రంగులు కలిపి, తూకాలు వేశాక నాకు చిన్న మాస్టర్ హోదా ఇచ్చి, రిజిస్టర్‌లో రాయనిచ్చాడు. మొదటి ఓకే రాసిన రోజు మా ఆవిడకు కోవా తీసుకెళ్లాను.

వాన సాయంత్రం

నాకు ఆ హోదా వచ్చి మూడు నెలలు. కాకా బంధువుల పెళ్లికని ఊరెళ్లాడు. నాలుగు రోజులు ఖాతా మొత్తం నా చేతిలో పెట్టాడు.

ఒక పార్టీవి గంధం రంగు చీరలు అంతకుముందే తయారై మడతలు పడి ఉన్నాయి. వాటికి జోడుగా జాకెట్ గుడ్డ రంగు వేయాలి. చీరా జాకెట్ పక్కపక్కన ఉండేవి, ఏ కొంచెం తేడా వచ్చినా కళ్లు లేనివాడు కూడా పట్టుకుంటాడు. పైగా గంధం లాంటి లేత రంగులు ముదురు రంగుల కంటే కష్టం, వాటిలో తప్పు దాక్కోదు.

ఆ జెట్ మీద ఆపరేటర్ పోశం. మా ఊరికి రెండు ఊళ్ల అవతలివాడు. వయసులో నాకంటే రెండేళ్లు చిన్న, మిల్లులో నాకంటే మూడేళ్లు పెద్ద. నన్ను ఈ మిల్లు గేటు దాకా తీసుకొచ్చింది అతనే. నవాగామ్‌లో మాది, వాళ్లది ఒకే వరసలో గదులు. అప్పటికి అతనికి ఇద్దరు చిన్న పిల్లలు. ఇంటి దగ్గర నన్ను అన్నా అనేవాడు, మిల్లులో మాస్టర్ అనేవాడు.

ఆ రోజు మబ్బు పట్టి వాన. పోశం ముక్క కత్తిరించి తెచ్చేసరికి సాయంత్రమైంది, తలుపు దగ్గర వెలుతురు తగ్గిపోతోంది. గేటు దగ్గర పార్టీ టెంపో నిలబడి ఉంది. ముక్క చల్లారేదాకా ఆగితే వెలుతురు పోతుంది, వెలుతురు పోతే పొద్దున దాకా ఆగాలి. నేను ఇస్త్రీ కింద నుంచి తీసిన ముక్కను అలాగే తలుపు దగ్గరికి పట్టుకెళ్లి నమూనా పక్కన పెట్టాను. అచ్చు కలిసింది.

“మాస్టర్, జర సల్లారనియ్యి” అన్నాడు పోశం.

“కలిసింది గదా.”

“కాకా అయితే ఆగుతుండె.”

ఆ మాట నాకు కాలింది. కాకా పేరు తియ్యకపోతే ఆగేవాణ్నేమో, తెలియదు.

“మాస్టర్ నువ్వా నేనా? ఓకే అన్న గదా. నీళ్లు వదులు” అన్నాను.

పోశం ఒక్క క్షణం నా మొహం చూసి వెళ్లి వాల్వు తిప్పాడు. నేను ముక్కను పిన్ను కొట్టి, ఓకే రాసి, సంతకం పెట్టాను. చాయ్ తాగలేదు.

పిన్ను

మూడో రోజు పొద్దున పార్టీ గుడ్డ తాన్లన్నీ వెనక్కి తెచ్చి మేనేజర్ ముందు పరిచాడు. చీర మీద జాకెట్ గుడ్డ వేసి చూపించాడు. చీర గంధంలా ఉంది, గుడ్డలో ఎరుపు లేచి కనిపిస్తోంది. మేనేజర్‌కు రంగుల పని తెలియదు, ఎవరో ఒకరి మీద అరవడం తెలుసు. మాస్టర్ ఓకే చేశాక తేడా వచ్చిందంటే ఆపరేటర్ కడగడంలో ఏదో చేశాడని తేల్చేసి, పోశాన్ని పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. పోశం నా వైపు చూడలేదు. ఒక్క మాట మాట్లాడకుండా బయటికెళ్లాడు.

“ఓకే చేసిన రిజిస్టర్ తీసుకురా, పార్టీకి చూపిద్దాం” అన్నాడు మేనేజర్ నాతో.

ల్యాబ్‌లోకెళ్లి పేజీ తీశాను. నా ముక్క పూర్తిగా చల్లారి, నమూనా పక్కన ఎర్రగా కూర్చుని ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, గుడ్డ చెడింది జెట్‌లో కాదని, ఆ తలుపు దగ్గరని.

ఇక్కడ నేను రాసేది మా పిల్లలకు కూడా చెప్పలేదు. లాట్ మొదలుపెట్టే ముందు ల్యాబ్‌లో చిన్న గిన్నెలో వేసి చూసుకున్న గంధం ముక్క ఒకటి నా సొరుగులో ఉంది. అది నమూనాతో బ్రహ్మాండంగా కలిసింది. దాన్ని తెచ్చి పాత ముక్క స్థానంలో పెడితే చాలు. మాస్టర్ ఓకే సరైనదే, ఆపరేటరే చెడగొట్టాడని కాగితం మీద రుజువైపోతుంది. నేను సొరుగు తెరిచాను. పాత ముక్క పిన్ను కూడా పీకాను.

ల్యాబ్ కిటికీలోంచి జెట్లు కనిపిస్తాయి. పోశం ఇంటికి పోలేదు. తన యంత్రంలో ఇంకో పార్టీ లాట్ ఉంది, మధ్యలో వదిలేస్తే వేడి మీద గుడ్డకు ముడతలు పడి ఆగమైపోతుంది. తనను గేటు బయటికి పొమ్మన్న మిల్లు గుడ్డను, చొక్కా తడిసిపోతుంటే నింపాదిగా లాగి బండిలో మడతలు వేస్తున్నాడు. మధ్యలో ఒక కొన పట్టుకుని వెలుతురుకు చూసుకున్నాడు కూడా.

సొరుగు మూసేశాను. అంత సిగ్గు నేను మళ్లీ పడలేదు. పిన్నును అదే రంధ్రంలో గుచ్చి, అదే ముక్కతో రిజిస్టర్ తీసుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద తెరిచాను.

“సార్, తప్పు ఇక్కడుంది. వేడి ముక్క చూసి ఓకే రాశాను. పోశం ఆగమన్నాడు, నేనే వినలేదు.”

మేనేజర్ పార్టీ ముందే నన్ను తిట్టిన తిట్లు మూడు భాషల్లో ఉన్నాయి. నా మాస్టర్‌గిరీ ఆ క్షణమే పోయింది. పోశాన్ని మాత్రం పొమ్మనడానికి ఆయనకు ఇక కారణం దొరకలేదు. ఆ గుడ్డంతా తర్వాత నల్ల రంగులో ముంచేశాం, మా ఖాతాలో తప్పిపోయిన రంగులన్నింటికీ చివరికి నలుపే దిక్కు.

కాకా ఊరి నుంచి వచ్చి నన్ను ఖాతా నడుమ నిలబెట్టి, తిట్టడం మేనేజర్‌కు సరిగ్గా చేతకాలేదని చూపించాడు. తర్వాత తనే మేనేజర్ గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. ఏం మాట్లాడాడో తెలియదు. ఎనిమిది నెలలు బీకర్లు కడిగాక నాకు మళ్లీ రిజిస్టర్ ఇచ్చారు. కాకా నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్లి, ముక్కను బండ మీద పడేసి, రెండు సగం చాయ్‌లు తెప్పించాడు. ఇద్దరం తాగాకే ముక్క తీశాం.

పోశం ఎందుకు మాట్లాడలేదు

మేనేజర్ ముందు రిజిస్టర్ తెరిచిన రోజే, డ్యూటీ దిగి పోశంతో కలిసి నవాగామ్ వైపు నడుస్తూ అడిగాను.

“నేను ఆగమన్న, మాస్టర్ ఇనలేదు అని నువ్వెందుకు చెప్పలే? నీ నౌకరి పోతుంటే గూడ.”

“నేను చెప్తే నీ మీద చుగ్లీ, చాడీ చెప్పినట్టయితది అన్నా. ఓకే అన్నది నువ్వు. తప్పయింది అని గూడ నువ్వే అనాలె.”

“నేను అనకపోయి ఉంటే?”

దారి పక్కన మిల్లుల వైపు చెయ్యి చూపించాడు. “నాకు ఇంకో మిల్లుల పని దొరుకుతుండె. నువ్వు మల్ల ఆ తలుపు కాడ ఎట్ల నిలబడుతుంటివో.”

ఆ తర్వాత నేను పెద్ద మాస్టర్‌నయ్యాను. ఖాతాలో ఒక పద్ధతి మార్చాను, అది ఈ రోజుకీ నడుస్తోంది, నాకు దాని మీద గర్వం ఉంది. ముక్క బండ మీద పడగానే రెండు సగం చాయ్‌లు రావాలి. రెండోది ఆ జెట్ ఆపరేటర్‌ది. ఆపరేటర్ కూడా తలుపు దగ్గరికొచ్చి చూశాకే మాస్టర్ రాయాలి. దీన్ని టైం వేస్ట్ అని గొణిగిన మేనేజర్లు ముగ్గురు మారారు. పద్ధతి మారలేదు.

పోశం వేల ముక్కలు చూసి ఉంటాడు. కలవకపోతే “ఎర్ర జర ఎక్కువుంది”, “మబ్బుగున్నది” అనేవాడు. కలిస్తే “సల్లారింది మాస్టర్, నువ్వు సూడు” అనేవాడు. ఓకే అని మాత్రం అతని నోట నేనెప్పుడూ వినలేదు. మిగతావాళ్లంతా పొద్దున లేస్తే వందసార్లు అనే మాట అది.

ఇప్పుడు రంగు చూసి అంకెలు చెప్పే యంత్రాలొచ్చాయి. స్వప్న వాటి మీద గట్టిది, నాకంటే ముందే తేడా చెప్తుంది. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కానీ వేడి ముక్క పెడితే ఆ యంత్రం కూడా వేడి ముక్క అంకెలే చెప్తుంది, చల్లారనియ్యమని అడగదు. అడగడానికి ఒక పోశం ఉండాలి, వినడానికి నా కంటే మంచి మాస్టర్ ఉండాలి. ఈ పనిలోకి వస్తున్న మీకు నేను ఇంతకంటే చెప్పేదేం లేదు.

చివరి లాట్

నేను దిగిపోయే రోజు మిల్లువాళ్లు శాలువా, గోడ గడియారం సిద్ధం చేశారు. మధ్యాహ్నం భోజనాలకు ముందు ఒక లాట్ మిగిలింది. పోశం జెట్ మీదే. గంధం రంగు. ఎవరైనా కావాలని పెట్టారా అని స్వప్నను అడిగాను, ఆ రోజు లాట్ల ప్రోగ్రామ్‌లో అదే వచ్చిందని ఒట్టేసింది. నేను నమ్మలేదు.

ముక్క వచ్చింది. బండ మీద పడేశాను. చాయ్ వచ్చింది. తాగాం. పోశానికి జుట్టంతా తెల్లబడింది, గ్లాసు పట్టుకున్న చేతికి పాత ఆవిరి మచ్చలు. ముక్క తీసి నమూనా పక్కన పెట్టి అతని చేతికిచ్చాను.

“సల్లారింది మాస్టర్, నువ్వు సూడు.”

“నేను సూడ. ఇయ్యాల నువ్వు చెప్పు.”

“నేనెట్ల చెప్త?”

“అప్పుడు నేను చెప్తే ఏమైందో యాదికున్నదా?”

నవ్వాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని తలుపు దగ్గరికెళ్లాడు. ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. స్వప్న యంత్రం అంకె చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. అవతల గేటు దగ్గర టెంపో హార్న్ కొడుతోంది. పోశం తల తిప్పలేదు. నేను ఆ మనిషిని చూస్తూ, నా చేతులతో ఇతని నౌకరి పీకించబోయాను కదా అనుకున్నాను. 

చాలాసేపటికి ఇటు తిరిగాడు.

“ఓకే” అన్నాడు.

రిజిస్టర్ తెరిచి, ముక్కకు పిన్ను కొట్టి, నా చేత్తో ఓకే రాశాను. సంతకం పెట్టే చోట పెన్ను అతనికిచ్చాను. కాసేపు తటపటాయించి, ఒక్కొక్క అక్షరం దిద్దుతున్నట్టు తెలుగులో పోశం అని రాశాడు.

తర్వాత శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. అది ఎక్కడ పెట్టానో మా ఆవిడను అడగాలి. ఆ రిజిస్టర్ మాత్రం ల్యాబ్ అరలోనే ఉంది. ఎప్పుడైనా మా ఖాతాకు వస్తే స్వప్నను అడిగి నేను రాసిన చివరి పేజీ చూడండి. అన్నీ ఇంగ్లీషు సంతకాలే ఉన్న అంత లావు పుస్తకంలో తెలుగు సంతకం మీద నిలబడ్డ ఓకే అదొక్కటే, ఆ రంగు ఇప్పటికీ కలిసే ఉంది.